బాలికలు కూర్చిన ఉపగ్రహం

రాకెట్ల చదువు పట్నం పిల్లలకే గాని మనకెందుకు అనే మాట మా పెదబయలు కొండల్లో తరచు వింటుంటాము. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి లేచిన ఎస్సెల్వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో కూలింది. దాని ప్రాజెక్టు డైరెక్టరు, రామేశ్వరంలో పడవ యజమాని ఇంట పుట్టిన అబ్దుల్ కలాం గారు. ఏడాది తిరక్కముందే, 1980 జులై 18న, ఆయన బృందమే రోహిణిని కక్ష్యలో నిలిపింది.

ఈ పాఠమే తర్వాత మన బాలికలకూ ఎదురయింది. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా శిక్షణలో దేశమంతటా 75 పాఠశాలల నుండి 750 మంది బాలికలు చిన్న చిన్న పరికరాలు తయారుచేశారు. అవన్నీ కలిసి ఎనిమిది కిలోల 'ఆజాదీశాట్' అయింది. 2022 ఆగస్టు 7న కొత్త రాకెట్టు ఎస్సెస్సెల్వీ దాన్ని 356 కిలోమీటర్ల గుండ్రని కక్ష్యలో పెట్టవలసి ఉండగా, కక్ష్య ఒక వైపున 76 కిలోమీటర్లకు దిగిపోయింది. ఆ ఎత్తున గాలి రాపిడికి ఏ ఉపగ్రహమూ నిలవదు. అయినా ప్రయత్నం ఆగలేదు. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్య చేరింది.

2019లో ఇస్రో తొమ్మిదో తరగతి పిల్లల కొరకు 'యువికా' ప్రారంభించింది. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు చూస్తారు. పల్లె పిల్లలకు ప్రత్యేక ప్రాధాన్యం కలదు. కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే: ఎనిమిది కాగానే ఆడపిల్లను బడి మాన్పించకండి. ఆ తలుపు తెరుచుకునేది సరిగ్గా అప్పుడే.