అధ్యక్షుని గదిలో చల్లగాలి

1881 జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషనులో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. వేసవి ఉక్కలో శ్వేతసౌధాన మంచం పట్టిన ఆయన ఉపశమనానికై నౌకాదళ ఇంజనీర్లు ఒక యంత్రాన్ని సమకూర్చారు. పెట్టెలో వరుసగా వేలాడదీసిన గుడ్డ తెరలను మంచునీరు తడుపుతూ ఉండేది; ఫ్యాను గాలిని వాటి నడుమ నుండి నెట్టి గొట్టం ద్వారా గదిలోకి పంపేది. ఫ్యాను తనంతట తాను గాలిని చల్లబరచదు. చల్లని తడి గుడ్డను ఎడతెగక తాకేటట్లు గాలిని నడిపించడమే దాని పని; వేడిని గ్రహించేది మంచునీరు. నేటి ఏసీలో చల్లని లోహపు గొట్టాలపైకి గాలిని తోలే ఫ్యానుదీ ఇదే పాత్ర. గది ఉష్ణోగ్రత సుమారు 20 ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గింది.

గాలి విషయంలో ఇంత శ్రద్ధ చూపిన ఆ గదిలోనే, వైద్యులు శుభ్రపరచని వేళ్లతో, పరికరాలతో తూటా కోసం గాయాన్ని పదేపదే కెలికారు. లిస్టర్ తన క్రిమినాశక విధానాన్ని ప్రకటించి అప్పటికి 14 ఏళ్లు. మా వృత్తివారి ఆ అలక్ష్యాన్ని తలచుకుంటే నేటికీ సిగ్గు కలుగుతుంది. చీము పట్టి, కృశించి, సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ మరణించారు. వైద్యులు కుడివైపు వెదకిన తూటా శవపరీక్షలో వెన్నెముకకు ఎడమవైపున కనిపించింది.