పత్తాల లెక్క: గంగాధర గుట్ట నుంచి సుప్రీంకోర్టు దాకా

కరీంనగర్ నుంచి కొండగట్టు అంజన్న దర్శనానికి పోయే దారిలో గంగాధర వస్తుంది. పక్కనే కురిక్యాల. అక్కడి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనంలోని తెలుగు కంద పద్యాలను తెలుగు సాహిత్య చరిత్ర అపురూపంగా చూసుకుంటుంది. అతని అన్న పంపకవి వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో ఉండేవాడు. ఆ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. అంతకు వందేళ్ల ముందే, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుడి కాలంలో, మరో జైన పండితుడు మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’ రాశాడు. దాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు.

మహావీరుడి గ్రంథంలో ఒక సూత్రం ఉంది. కొన్ని వస్తువుల్లోంచి కొన్నింటిని ఎన్ని రకాలుగా ఏరుకోవచ్చో అది చెబుతుంది. ఆయన దాన్ని ఆరు రుచుల మీద, హారంలో గుచ్చే రత్నాల మీద ప్రయోగించి చూపించాడు. పేకముక్కలు ఆయన ఎరగడు. కానీ ఈనాడు జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో దీపావళి రాత్రి పత్తాలు పంచుకుని కూర్చున్నవాళ్లకు కావలసిన లెక్క సరిగ్గా అదే.

52ను 51తో, మళ్లీ 50తో గుణించి, ఆరుతో భాగిస్తే 22,100. మూడు ముక్కలాటలో ఒక చేతికి రాగల రకాలు మొత్తం ఇవే. వీటిలో ఏమీ కలవని ఒట్టి చేతులు 16,440. అంటే నాలుగింట మూడు సార్లు చేతికొచ్చేది ఏమీ ఉండదు. జోడీలు 3,744, వరుస లేకుండా మూడూ ఒకే రంగువైన కలర్లు 1,096, సీక్వెన్సులు 720, ఒకే రంగులో వరుసగా వచ్చే ప్యూర్ సీక్వెన్సులు 48, మూడూ ఒకటే అయిన ట్రయల్స్ 52.

చివరి రెండు అంకెలు చూడండి. ఆటలో ట్రయల్‌దే పెద్దపీట, కానీ లెక్కలో దానికంటే అరుదైనది ప్యూర్ సీక్వెన్స్. ఆట నియమం లెక్కను పక్కనపెట్టిన చోటు ఇదొక్కటే. మిగతాచోట్ల నియమం లెక్క వెంటే నడిచింది. ఐదు ముక్కల పోకర్‌లో ఫ్లష్ (మన కలర్) ముందు స్ట్రెయిట్ (మన సీక్వెన్స్) ఓడిపోతుంది, మన మూడు ముక్కల్లో కలర్ మీద సీక్వెన్స్ గెలుస్తుంది. ముక్కల సంఖ్య తగ్గగానే ఏది అరుదో కూడా తారుమారైంది మరి.

అసలు చిక్కు చేతికి చేయి ఎదురైనప్పుడు వస్తుంది. మీ దగ్గర రెళ్ల జోడీ ఉందనుకుందాం, జోడీల్లోకెల్లా చిన్నది. ఎదుట ఒక్కరే ఉంటే నాలుగింట దాదాపు మూడు సార్లు మీదే గెలుపు. ఎదుట నలుగురు కూర్చుని, నలుగురూ షో దాకా నిలిస్తే అదే జోడీ గెలిచే అవకాశం పదింట మూడుకు పడిపోతుంది. ఆసుల జోడీ మాత్రం ఆ నలుగురి మీద కూడా పదింట ఏడు సార్లు నెగ్గుతుంది. చేతిలోని ముక్కలు మారలేదు, చుట్టూ కూర్చున్నవాళ్ల సంఖ్య మారిందంతే. పేకాటలో ఆస్తులు కరిగించుకున్నవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే అనిపిస్తుంది.

జూదాన్నీ గణనాన్నీ ముడిపెట్టిన ఆలోచన మన దగ్గర ఇంకా పాతది. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వ భాగంలో నలోపాఖ్యానం ఉంది. నలుడు తోలుతున్న రథం పరుగెడుతుండగానే అందులోని రాజు ఋతుపర్ణుడు ఒక తాని చెట్టు ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు. నలుడు నమ్మడు, రథం ఆపి ఎంచి చూస్తాడు. లెక్క సరిపోతుంది. అప్పుడు గుర్రాల విద్య అశ్వహృదయం ఇస్తానని చెప్పి, పాచికల విద్య అక్షహృదయం నేర్చుకుంటాడు, తర్వాత పోయిన రాజ్యాన్ని జూదంలోనే తిరిగి గెలుచుకుంటాడు. పాచికలు వేసే విద్య, చూపుతోనే రాశిని అంచనా కట్టే విద్య ఒకటేనని ఆ కథ చెప్పింది. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హ్యాకింగ్ 1975లో తన పుస్తకంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు. ఐరోపాలో పాస్కల్, ఫెర్మా ఆ గణితానికి పునాది వేసింది 1654లో.

ఇరవయ్యో శతాబ్దంలో, పేకాట నేర్పా అదృష్టమా అన్న ప్రశ్న సికింద్రాబాద్ నుంచి కోర్టుకెక్కింది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. మోపిన చట్టం నిజాం రాజ్యంలో ఫసలీ 1305లో పుట్టిన హైదరాబాద్ జూద చట్టం. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు: మూడు ముక్కలాట కేవలం అదృష్టం, రమ్మీ ప్రధానంగా నేర్పు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి అన్నది ఆయన వాదం.

ఆ గుర్తు విలువ ఎంతో రెండు కట్టల రమ్మీలో ఎంచి చూడవచ్చు. హార్ట్ 5, 6 చేతిలో ఉంటే అదే రంగులో 4 గానీ 7 గానీ పనికొస్తుంది. జోకర్లు వదిలేస్తే అలాంటివి నాలుగు ముక్కలు. 5, 7 ఉంటే కావలసింది ఒక్క 6, అవి రెండే. ఎదుటివాడు ఒక 6 పారేసి, దాని మీద మరో ముక్క పడిపోయిందా, ఇక మిగిలింది ఒకటే. దీన్ని గమనించినవాడు 5నో 7నో వదిలించుకుంటాడు, గమనించనివాడు చివరిదాకా ఆ ఆరు కోసం కూర్చుంటాడు.

అయితే మూడు ముక్కల్లో నేర్పు సున్నా అన్న మాటతో పూర్తిగా ఏకీభవించలేం. పంపకం అదృష్టమే. ఎప్పుడు ప్యాక్ చేయాలో, ఎందరి మీద నిలబడాలో తేల్చేది పైన చెప్పిన లెక్కే.

కోర్టు గీసిన గీత మీదే దశాబ్దాల పాటు క్లబ్బులు నడిచాయి. 1974 నాటి గేమింగ్ చట్టం కూడా నేర్పుతో ఆడే ఆటలను మినహాయించింది. ఆట ఫోన్‌లోకి వచ్చాక సంగతి మారింది. ముఖం తెలియనివాళ్లతో, రాత్రీ పగలూ లేకుండా, గంటలో ఎన్నో ఆటలు. నేర్పు ఉన్నవాడికీ అలసట వస్తుంది, అప్పు మాత్రం ఆగదు. తెలంగాణ 2017లో ఆ గేమింగ్ చట్టాన్ని సవరించి, పందెం కట్టి ఆడే రమ్మీని ఆ మినహాయింపులోంచి తీసేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నేర్పా అదృష్టమా అని చూడకుండానే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలన్నిటినీ నిషేధించింది. దాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో పడిన పిటిషన్లను ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది.