నిప్పురవ్వ దూకే సందు

ఆగస్టు రెండో శనివారం, ఉదయం ఏడు గంటలు. మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ ఊళ్లో ఒక ఇంటి గ్యారేజీ తలుపు సగం పైకి లేచి ఉంది. తల వంచి లోపలికి రండి. బానెట్ ఎత్తి పెట్టిన 2003 మస్టాంగ్ కోబ్రా మీ ఎదురుగానే ఉంది. దాని యజమాని వారమంతా కార్ల కంపెనీలో ఇంజనీరు, శని ఆదివారాలు మెకానిక్కు.

"ముందు చెయ్యి పెట్టి చూడు తమ్ముడూ" అంటాడు.

సిలిండర్ హెడ్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగులుతుంది. రాత్రంతా బండి కదల్లేదు. అల్యూమినియం హెడ్ వేడి మీదుండగా స్పార్క్ ప్లగ్గు విప్పితే మరలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే ఈ పొద్దుటి పని.

కామ్ కవర్ మీదున్న చిన్న రేకు మీద రెండు సంతకాలు చూడండి. రోమియో ప్లాంటులో ఇద్దరేసి మనుషులు దగ్గరుండి చేత్తో బిగించిన ఇంజన్లివి. 4.6 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, 390 హార్స్‌పవర్. మధ్యలో కూర్చున్నది ఈటన్ సూపర్‌చార్జర్. కంపెనీ ఇచ్చిన బూస్ట్, అంటే అది అదనంగా తోసే గాలి ఒత్తిడి, చదరపు అంగుళానికి 8 పౌండ్లు. ఈయన దానికి చిన్న పుల్లీ వేయించి 12కి తెచ్చాడు. జబ్బు అక్కడే మొదలైంది. నిదానంగా నడిపినంతసేపూ బండి బంగారం. కాలు అదిమితే మాత్రం 4,500 ఆర్‌పీఎం దాటగానే మిస్ కొడుతుంది, చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటుంది. స్కానర్ పెడితే పీ0300 కోడ్, అంటే ఫలానా సిలిండర్ అని లేకుండా అక్కడక్కడా మిస్‌ఫైర్. వచ్చే శనివారమే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. 1995లో మొదలైన ఆ కార్ల జాతరకి ఈ బండి దగ్గుకుంటూ పోవడం ఆయనకి ఇష్టం లేదు.

కాయిల్ కవర్ తీశాడు. కనెక్టర్ క్లిప్పు నొక్కి లాగి, కాయిల్‌ని అటూ ఇటూ తిప్పుతూ పైకి తీస్తే కింద లోతైన గొయ్యి, అడుగున ప్లగ్గు. సాకెట్ దించకముందే ఎయిర్ గన్‌తో లోపల గాలి కొట్టాడు. ఎగిరిన ఇసుక మీ చేతి మీద పడింది. అదే సిలిండర్లోకి పడి ఉంటే పిస్టన్ రింగుల పని చెప్పేది.

మొదటి ప్లగ్గు బయటికొచ్చింది. వెలుతురులో పట్టుకోండి. పింగాణీ లేత గోధుమరంగులో ఉంది, మంచిదే. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, అల్యూమినియం మెరుపులో కనబడితే లోపల నాకింగ్ జరుగుతున్నట్టు. ఇక్కడ అవేమీ లేవు. రవ్వ దూకే సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూశాడు. 44 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు నలభై నాలుగు. మిల్లీమీటర్లలో 1.1.

"పాత బూస్ట్‌లో ఎలాగో నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఈ సందు ఎక్కువ."

"రవ్వ పొడుగ్గా ఉంటే మంచిదే కదా అన్నా?"

"దూకగలిగితే మంచిదే. బయట గాలి ఒత్తిడి 14.7 పౌండ్లు. దానికి 12 కలుపు. సిలిండర్లోకి పోయేదే దాదాపు 1.8 రెట్ల ఒత్తిడితో పోతోంది. దాన్ని పిస్టన్ ఇంకా నొక్కుతుంది. గాలి చిక్కబడే కొద్దీ ఆ సందు దాటడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాయిల్ ఇచ్చేది అంతకంత పెరగదుగా. బురదలో మోకాలి దాకా కూరుకుపోయినవాణ్ణి కాలువ దూకమంటే దూకుతాడా? కాలువైనా సన్నం చెయ్యాలి, కాళ్లలో బలమైనా పెంచాలి. బలమైన కాయిల్స్ ఖరీదు. సందు సన్నం చెయ్యడం ఫ్రీ."

"అయితే 20కి దించేద్దామా?"

"ఆ పప్పులుడకవు. మరీ సన్నమైతే పుట్టిన మంటలో వేడిని పక్కనున్న ఎలక్ట్రోడ్లే పీల్చేస్తాయి. ఐడిల్‌లో బండి వణుకుతుంది."

కొత్త ప్లగ్గులు బల్ల మీద వరసగా ఉన్నాయి. పాతవాటికంటే ఒక మెట్టు చల్లటివి, అంటే మొన దగ్గరి వేడిని హెడ్‌లోకి త్వరగా దించేవి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లన, బాష్‌లో అంకె పెరిగితే వేడి. కొనేటప్పుడు చాలామంది పొరపడేది ఇక్కడే.

ఇప్పుడు ప్లగ్గు మీ చేతికిచ్చాడు. పైనుంచి వంగి వచ్చిన నికెల్ కొమ్ము ఒకటి, దాని కింద నిటారుగా మధ్య మొన. వంచాల్సింది ఆ కొమ్మునే. మధ్య మొన మీద బరువు వేశారా, పింగాణీ చిట్లుతుంది. బిళ్లలా ఉండే గేజ్‌ని సందులో తోసి తిప్పే అలవాటుంటే మానుకోండి. కొన్ని ఇరీడియం ప్లగ్గుల్లో మొన 0.6 మిల్లీమీటర్ల లావే ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది.

కొమ్ముని చెక్క మీద పెట్టి సుతారంగా తట్టండి. ఈ బండికి ఆయన అనుకున్న సందు 32 థౌ. ఆ రేకు దూర్చండి. వదులుగా జారిపోతోంది. ఇంకోసారి తట్టండి. ఇప్పుడు దూరనే దూరదు. గేజ్ కొక్కెంతో కొమ్ముని వెంట్రుకవాసి పైకి లేపండి. రేకు లోపలికి వెళ్లి, బయటికి లాగుతుంటే వేళ్లకి చిన్న పట్టు తెలుస్తోంది. 34 రేకు పెట్టి చూడండి. వెళ్లనంటోంది. అంతే, 32 కుదిరింది. కొమ్ము మొనకి సరిగ్గా ఎదురుగా ఉందో లేదో పక్కనుంచి ఒకసారి చూసుకుని తర్వాతి ప్లగ్గు తీసుకోండి.

బిగించడం చేత్తోనే మొదలవుతుంది. రాట్చెట్ లేకుండా, ఎక్స్‌టెన్షన్‌ని వేళ్ల మధ్య తిప్పుతూ దించండి. మర అడ్డంగా ఎక్కితే వెంటనే తెలిసిపోతుంది. ఆఖరి బిగింపు మాన్యువల్ చెప్పిన అంకెకి, టార్క్ రెంచ్‌తో. కాయిల్ రబ్బరు బూట్ లోపల కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు.

ఇంజన్ అందుకుంది. ఐడిల్‌లో వణుకు లేదు. ఐ-75 ర్యాంప్ ఎక్కగానే మూడో గేరులో కాలు అదిమాడు. సూపర్‌చార్జర్ ఈల మొదలై పెద్దదవుతోంది. బూస్ట్ ముల్లు 12 మీదికి పాకింది. 4,500. 5,000. 6,000. ఈ వేగంలో ఒక్కో సిలిండర్‌లో సెకనుకి 50 రవ్వలు, ఎనిమిదింటికీ కలిపి 400. ఒక్కటీ తప్పలేదు. లైటు వెలగలేదు.

బూస్ట్ పెంచినవాళ్లు, పుల్లీ మార్చినవాళ్లు, పెట్టె మీద "గ్యాప్ సెట్ చేసి ఉంది" అని రాసున్నా నమ్మకండి, ఒక్కో ప్లగ్గూ కొలవండి. కాయిల్ తప్పకుండా దూకగలిగినంత పెద్ద సందు పెట్టండి, అంతకు మించొద్దు. మిస్ కొడుతున్న బండిని అలాగే తోలితే మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి కాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు ఫీలర్ గేజ్ ఖరీదు ఒక లెక్కే కాదు.