కాటుక రేకుల పొడ

గార్లదిన్నె వేరుశనగ చేలల్లో రైతులు భయపడే రక్తపింజరికి తెలుగులో ఇంకో పాత పేరుంది: కాటుక రేకుల పొడ. పొడ అంటే మచ్చ. వీపు పొడవునా వరుసలుగా గోధుమరంగు మచ్చలు, ఒక్కోదాని చుట్టూ కాటుకతో దిద్దినట్టు నల్లటి అంచు. ఎంత నిశితమైన చూపు ఉంటే ఆ పేరు పుట్టిందో!

విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం తెచ్చాడు. అందులో రంగుల బొమ్మకు తోడుగా ఈ తెలుగు పేరునే అచ్చువేశాడు. మరుసటేడే శాస్త్రజ్ఞులు ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టేశారు. కట్లపాముల శాస్త్రీయ నామం ‘బంగారస్’ మాత్రం మన బంగారమే.

చేలో కాటు పడితే మంత్రాలకు పోకండి. నేరుగా ఆసుపత్రికి పోండి, విరుగుడు మందు అక్కడే ఉంది.