తాడు కోసిన చెయ్యి

కారు కాజ్‌వే మీదకి ఎక్కగానే నాన్న అద్దం దించేశాడు. ఫ్లోరిడాలో టాంపా నుంచి క్లియర్‌వాటర్‌కి పోయే ఈ దారికి రెండు పక్కలా నీళ్లే. జూన్ నెల ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వెనక సీట్లో అమ్మ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని మూత ఎప్పుడు తీస్తారా అని నా కూతురు చూస్తోంది.

"దీనికి కెరటం లేదేటిరా?" అంటాడు నాన్న.

"ఇది అఖాతం నాన్నా. ఊరు దాటాక అసలు సముద్రం."

పెదజాలారిపేటలో పుట్టి, విశాఖ రేవు నుంచి నలభై ఏళ్లు సోనాబోటు అనే మరపడవ నడిపిన సరంగు మా నాన్న. నీళ్లు కనబడితే ముందు లోతు అంచనా కడతాడు, అందం సంగతి ఆ తర్వాతే.

క్లియర్‌వాటర్ మెరైన్ అక్వేరియంలో అడుగుపెడితే చల్లటి గాలి, ఉప్పు వాసన, చేపల వాసన. 1972లో మొదలైన సంస్థ ఇది. ఊరి మురుగునీరు శుద్ధి చేసే పాత ప్లాంటు తమ చేతికొస్తే, ఆ కాంక్రీటు తొట్లనే బాగుచేసి కొలనులు చేసుకున్నారు. దెబ్బతిన్న ప్రాణుల్ని తెచ్చి నయం చేస్తారు, కోలుకున్నవాటిని సముద్రంలో వదిలేస్తారు, వదిలితే బతకలేనివి ఇక్కడే ఉండిపోతాయి.

"తాతా, ఇదే వింటర్ తోక!"

పాప వేలు పెట్టి చూపిస్తోంది. వింటర్ అనే డాల్ఫిన్ మీద 2011లో వచ్చిన 'డాల్ఫిన్ టేల్' సినిమా పాపకి కంఠతా వచ్చు. నాన్న కళ్లజోడు సర్దుకుని వంగాడు. తోక ఆకారంలో చేసిన రెండు రెక్కల పట్టీ, దాన్ని ఒంటికి తొడగడానికి గొట్టంలాంటి తొడుగు. మోకాలి కింద కాలు లేనివాళ్లు తొడుక్కునే జైపూర్ కాలు గుర్తొచ్చింది నాకు.

"దాని తోకేటయిపోనాది?"

చెప్పాను. 2005 డిసెంబరు. ఫ్లోరిడా తూర్పు తీరంలో మస్కిటో లగూన్ అనే ఉప్పుకయ్య. కొద్ది నెలల ఆడపిల్ల డాల్ఫిన్, పీతల బోను తాడులో చుట్టుకుపోయింది. రక్తం ఆడక తోక రెక్కలు చచ్చుబడి ఊడిపోయాయి. వాటితోపాటు రెండు వెన్నుపూసలు కూడా.

"గింజుకున్న కొద్దీ బిగుస్తాది ఆ తాడు," అన్నాడు నాన్న నెమ్మదిగా. చూపుడువేలు, బొటనవేలు కలిపి, కనబడని తాడు మందం కొలుస్తున్నాడు. "ఎవులు కోసినారు?"

"ఒక జాలరి. చేపలవేటకెళ్లి, పొద్దున్నే చూశాడట."

నాన్న ఇంకేమీ అడగలేదు. ఆ తోక ముందే నిలబడ్డాడు. జనం వెనకనుంచి వస్తున్నారు, పక్కకి తప్పుకోమని నేను చెప్పలేదు.

డాల్ఫిన్ తోక కిందికీ మీదికీ ఆడుతుంది. తోక పోయిన వింటర్, చేపలా పక్కలకి ఊగుతూ ఈదడం తనంతట తానే నేర్చుకుంది. అలా ఈదీ ఈదీ వెన్ను వంకరపోతోందని కృత్రిమ అవయవాల నిపుణులు కెవిన్ కారల్, డాన్ స్ట్రెంప్కా ఈ తోక తయారుచేశారు. డాల్ఫిన్ చర్మం చాలా సున్నితం, మామూలు తొడుగు ఒరుసుకుంటే పుండే. అందుకని మెత్తటి జెల్ ఒకటి కనిపెట్టారు. కాళ్లు పోయిన మనుషులకి ఇప్పుడు అదే జెల్ వాడుతున్నారు. వింటర్ 2021 నవంబరులో పేగు మెలిపడి చనిపోయింది. పదహారేళ్లు బతికింది.

పక్క కొలనులో హోప్ అనే ఇంకో డాల్ఫిన్ తిరుగుతోంది. 2010 డిసెంబరులో, చచ్చిపోయిన తల్లి పక్కన దొరికిన పిల్ల ఇది. నీళ్లపైకి తేలి ఫుస్సుమని ఊపిరి వదిలితే తుంపర మా మొహాల మీద పడింది. పాప తుడుచుకోలేదు.

నాన్న అక్కడ లేడు. వెతికితే తాబేళ్ల తొట్టి దగ్గర దొరికాడు, గొంతుక్కూర్చుని, నుదురు అద్దానికి ఆనించి.

"ఇది మనదేరా!"

బూడిదరంగులో ఆకుపచ్చ కలిసిన డిప్ప, దాదాపు గుండ్రం. చిలకముక్కులాంటి నోరు. ఒక ముందు రెక్క సగానికే ఉంది, తెగినచోట చర్మం ముడతపడి మానిపోయింది. ఉన్న రెక్కతోనే నీళ్లని తోసుకుంటూ అద్దం దాకా వచ్చి, నాన్న మొహానికి ఎదురుగా ఆగింది.

"ఒక తెడ్డుతోనే నడిపీస్తంది," అన్నాడు.

మన ఆలివ్ రిడ్లేకి ఇది తోబుట్టువు, కెంప్స్ రిడ్లే. వేలకి వేలు ఒక్కసారే ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్లు ప్రపంచంలో ఈ రెండే. ఒడిశా తీరంలో అవి, మెక్సికోలో రాంచో నువో ఒడ్డున ఇవి. 1947లో అక్కడ తీసిన ఫిల్ములో ఒక్కరోజే నలభై వేల తల్లులున్నట్టు లెక్కకట్టారు. 1985 నాటికి ఏడాది మొత్తానికి మిగిలిన గూళ్లు 702.

"మా వల్లో పడేవి," నాన్న గొంతు తగ్గింది. "బతికున్నదానికి పసుపు నీళ్లు జల్లి, బొట్టెట్టి, దండం పెట్టుకుని వదిలీవోళ్లం. కూర్మావతారం కదా. కానీ మూడేసి గంటలు లాగుతాం వల. ఊపిరాడక చచ్చిపోయినవే ఎక్కువ."

అమెరికాలో రొయ్యల వలకి తాబేలు బయటపడే కిటికీ 1987లోనే నిబంధనగా వచ్చింది. మన వలలకి ఆ కిటికీ లేదనే, 2019లో మన సముద్రపు రొయ్యని వీళ్లు కొనడం ఆపేశారు.

"మాకూ చెప్పినారు పెట్టమని. రొయ్య జారిపోద్దనీసి పెట్టలేదు." తాబేలు వైపే చూస్తూ అన్నాడు. అమ్మ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం బీచికి చేరాం. పిండిలాంటి తెల్లటి ఇసుక. గొడుగు కింద పులిహోర ఖాళీ అయ్యింది. నీళ్లలో అడుగులెత్తకుండా కాళ్లు ఈడ్చుకుంటూ నడవమని పాపకి చెప్పాను. ఇసుకలో దాక్కున్న టేకుచేప ఆ అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దిగుతుంది. "అది మా ఊళ్లోనూ అంతే," అన్నాడు నాన్న.

ఇంకాస్త పైన నాలుగు కర్రలు పాతి పసుపు టేపు చుట్టారు. తాబేలు గూడు. మే నుంచి అక్టోబరు దాకా అక్వేరియం మనుషులు తెల్లారకముందే ఒడ్డంతా నడిచి, తల్లి జాడలు చూసి ఇలా గుర్తులు పెడతారు. నాన్న టేపు ముట్టుకోకుండా చుట్టూ ఒకసారి తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

సాయంత్రం అయింది. అమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సముద్రంలోంచి పొద్దు పొడవడమే చూసిన మనిషి. ఇక్కడ పొద్దు నీళ్లలోకి దిగిపోతోంది. ఎర్రటి అంచు మునిగే దాకా ఎవరమూ మాట్లాడలేదు.

బయల్దేరుతుంటే నాన్న మోకాళ్ల మీద కూర్చుని, పాప తవ్విన గొయ్యి పూడుస్తున్నాడు. రాత్రికి తల్లి తాబేలు వస్తే అందులో పడుతుందని అక్వేరియంలో చెప్పింది గుర్తుంది ఆయనకి. తాళ్లు లాగి లాగి కాయలు కాసిన అరచేతులతో ఇసుక తోసి, సమంగా అదిమాడు. లేచి, ఎవరో తవ్వి వదిలేసిన ఇంకో గొయ్యి కనబడితే అటు నడిచాడు. పాప బుల్లి పార పట్టుకుని ఆయన వెనకే పరిగెత్తింది.