పీలుకుణము: మరుభూమి యందలి వృక్షజంతుజ్ఞానము

పాణినీయమున నైదవ యధ్యాయమందలి రెండవ పాదమున నిరువదినాలుగవ సూత్రము (5.2.24) తద్ధితప్రకరణము చదువు విద్యార్థులకు మిక్కిలి చిన్న విషయముగాఁ దోఁచును. పీల్వాదిశబ్దములకు 'పాకము' అను నర్థమందు కుణప్ ప్రత్యయమును, కర్ణాదులకు 'మూలము' అను నర్థమందు జాహచ్ ప్రత్యయమును విధింపఁబడినవి. కర్ణజాహ మనఁగాఁ జెవి మొదలు. పీలుకుణ మనఁగాఁ బీలుపండ్లు పండుట. ప్రత్యయాదియందలి కకారమునకుఁ దద్ధితమగుటచే నిత్సంజ్ఞ లేదు గావున నది నిలిచి పీలుకుణ మను రూప మేర్పడును. పాఠము సాధారణముగా నింతటితో ముగియును. పీలు వనఁగా నేమి? దాని పండ్లు పండుటను బ్రత్యేకప్రత్యయముతోఁ జెప్పవలసిన యక్కఱ యెవరికిఁ గలిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము వ్యాఖ్యానములకంటెఁ బశ్చిమభారతమందలి థార్ మరుభూమిలో నొంటెలను, మేఁకలను గాచుకొనువారి నోట స్పష్టముగా లభించుచున్నది.

కాశికావృత్తియందుఁ బీల్వాదిగణమున నెనిమిది శబ్దములు పఠింపఁబడినవి: పీలు, కర్కంధు, శమీ, కరీర, కువల, బదర, అశ్వత్థ, ఖదిర. వీనిలోఁ గర్కంధు కువల బదరములు మూఁడును రేగుజాతికిఁ జెందినవి. రావిని, చండ్రను విడిచినచో మిగిలిన యాఱును వానలు తక్కువయై యెండ మిక్కుటమైన నేలలను దాళి పెరుగునవే. మామిడి, పనస మొదలగు ప్రసిద్ధఫలవృక్షము లీ గణమున లేవు. లోకవ్యవహారమున నక్కఱలేనిదే భాష ప్రత్యయమును గల్పించుకొనదు. కావున నీ యెండునేలల చెట్ల ఫలపాకము ననుసరించి కాలమును లెక్కించుకొని, జీవనమును దిద్దుకొనిన జనుల మాటయే యీ సూత్రమునకు మూలమని యూహించుట సమంజసము. పాణిని జన్మస్థానమైన శలాతురము గాంధారదేశమున సింధునదికి సమీపమున నుండెను. మహాభారతమునఁ గర్ణపర్వమందు బాహీకదేశప్రశంసలో శమీపీలుకరీరవనములు కలిసియే పేర్కొనఁబడినవి. పంచనదము మొదలుకొని మరుభూమివఱకు నీ మూఁడు చెట్లును నేఁటికిని గలిసియే కానవచ్చుచున్నవి.

మార్వాడమునఁ బీలువృక్షమును జాళ్ అని యందురు. పీలూ అను పేరు పండునకు మాత్రము నిలిచినది. పచ్చని యాకులతో దట్టముగాఁ బెరుగు నీ చెట్టు మధ్యాహ్నమునఁ బశువులకు నీడ నొసఁగును. ఇతరములైన పండ్లు దొరకని జ్యేష్ఠమాసపు టెండలలో దీని చిన్న పండ్లు గుత్తులుగాఁ బండును. అమరసింహుఁడు దీనికి గుడఫలము, స్రంసి యను పర్యాయములను జెప్పినాఁడు. మొదటిది బెల్లమువంటి తీపిని, రెండవది విరేచనకారిత్వమును దెలుపును. ఈ రెండు గుణములను మరువాసు లెఱుఁగుదురు. ఒక్కొక్క పండుగాఁ దినినచో నోరు పొక్కుననియు, గుప్పెడేసి తినవలెననియు వారు చెప్పుదురు. నిఘంటువు రెండు పదములలో నిమిడ్చిన విషయమును వారు తిను విధముతోఁ గూడఁ గాపాడుకొనిరి.

కరీరము నందీ భేద మింకను స్పష్టము. వసంతమున సైతము కరీరమున కాకు లేకున్నచో నది వసంతుని దోషము గాదని భర్తృహరి దీనిని దైవోపహతునకు దృష్టాంతముగాఁ గైకొనెను. కవి దృష్టిలో నాకులేమి దౌర్భాగ్యము. వృక్షశాస్త్రజ్ఞుల దృష్టిలో నదియే యా చెట్టునకు రక్ష. ఆకులు లేకుండుటచే నీ రావిరియై పోదు, పచ్చని కొమ్మలే యాకుల పనిని జేయును. ఇతర వృక్షములు వాడిన యేఁడును గరీరము పూచి కాయుటను మరువాసులు తరతరములుగాఁ జూచియున్నారు. వారు దీనిని కేర్ అందురు; ఈ పదము కరీరశబ్దభవమే. పండకముందే కాయలను గోసి, యుప్పునీటిలోఁగాని మజ్జిగలోఁగాని కొన్నినాళ్లు నానవైచి, చేఁదు పోయిన పిదప నెండించి సంవత్సరము పొడుగునఁ గూరగా వాడుకొందురు.

యజుర్వేదమందలి కారీరీష్టి వర్షకాముఁడు చేయవలసిన కర్మము. అందుఁ గరీరసక్తువులు ద్రవ్యము. తైత్తిరీయశాఖాధ్యాయు లగు నాంధ్రులు తరతరములుగా నీ భాగమును వల్లించుచున్నారు. కాని కరీరశబ్దమునకు వెదురుమొలక యను నర్థాంతరమును గలదు. చెట్టును జూడనివాఁడు పొరపడుట కవకాశము గలదు. వెదురుమొలకను బిండిచేయుట పొసఁగదు. ఎండిన కేరుకాయను బొడిచేయుట సుకరము. పైగా నీ చెట్టు వానలకు ముందటి గ్రీష్మమున ఫలించును. వర్షమున కెదురుచూచు కాలమునఁ జేతి కందివచ్చు ఫలమే వర్షేష్టికి ద్రవ్యమగుట సహజము గదా!

శమి యాంధ్రులకుఁ బరిచితమే. విజయదశమినాఁడు జమ్మియాకును బంగారమని పెద్దల చేతిలో నుంచి నమస్కరించు నాచారము మనలోఁ గలదు. 2014 వ సంవత్సరమునఁ దెలంగాణము దానిని రాష్ట్రవృక్షముగా నంగీకరించినది. అయినను మనకది పూజాద్రవ్యము, మరువాసులకు జీవనాధారము. వారు దీనిని ఖేజ్డీ యందురు. లేఁతకాయ లగు సాంగ్రీలు కూరకు, శీతకాలమున నఱికిన కొమ్మల యాకు పశువుల మేఁతకు నుపయోగించును. దీని క్రింద సజ్జపైరు బాగుగాఁ బండునని యెఱిఁగి కర్షకులు పొలము నడుమ నీ చెట్లను నిలుపుకొందురు. వేళ్లు మిక్కిలి లోతునకుఁ బోవుటయు, నేల సారవంతమగుటయు దీనికిఁ గారణములని శాస్త్రజ్ఞులు తరువాతఁ దెలిపిరి. విక్రమశకము 1956 (క్రీ. శ. 1899–1900) నాఁటి ఘోరక్షామమున జనులు దీని పట్టను బిండిచేసి తిని ప్రాణములు నిలుపుకొనిరి.

ఈ జ్ఞానము ధర్మముగాఁ బరిణమించుటకు బిష్ణోయీల చరిత్రము నిదర్శనము. 1485 వ సంవత్సరమున జాంభోజీ స్థాపించిన యీ సంప్రదాయమున నిరువదితొమ్మిది నియమములు గలవు. పచ్చని చెట్టును గొట్టరాదనుటయు, జంతువులయెడ దయ గలిగియుండవలె ననుటయు వానిలోనివి. 1730 వ సంవత్సరమున జోధపురాధీశుఁ డగు అభయసింహుని కాలమున సున్నపుబట్టీల కట్టెలకై రాజభటులు ఖేజడలీ గ్రామమున శమీవృక్షములను గొట్టవచ్చిరి. అమృతాదేవి చెట్టును గౌఁగిలించుకొని ప్రాణము విడిచెను. ఆమె ననుసరించి మొత్తము 363 మంది మృతులైరని యా సంప్రదాయము వారి లెక్క.

జంతువిషయమునను సూత్రములకును మరుభూమికిని సంబంధము గలదు. శృంఖలము బంధనముగాఁ గల యొంటెపిల్లను శృంఖలక మందురని పాణిని విధించెను (5.2.79); ఆ బంధనము కాళ్లకుఁ దగిలించు కొయ్యకట్టని వ్యాఖ్యాతలు వివరించిరి. ఒంటెలను మేపు రాయికాలు నేఁటికిని మేఁతకు విడిచిన యొంటెల ముందుకాళ్లకు బంధము వేయుదురు. పార్వతి మట్టితో నొంటెబొమ్మను జేయఁగా శివుఁడు దానికిఁ బ్రాణము వోసి, దానిని గాచుటకు మొదటి రాయికాను సృజించెనని వారి గాథ. ఒంటెపాలను విక్రయింపరాదనుట వారి పూర్వాచారము. జాడను బట్టి వెదకువాఁడు అనుపది యని మఱియొక సూత్రము (5.2.90), దానికిఁ గాశికాకారుఁ డావులయు నొంటెలయు జాడలను వెదకువారి నుదాహరించెను. ఈ విద్య కలవారిని థార్, కచ్ఛప్రాంతములఁ బాగీ లందురు. ఇసుకలోని యడుగునుబట్టి నడచిన వేళను, మోసిన బరువును జెప్పఁగల నేర్పు వారిది. అట్టివారిలో నొకఁడగు రణఛోడ్ పాగీ 1965, 1971 సంవత్సరముల యుద్ధములలో భారతసేనకుఁ దోడ్పడి ప్రసిద్ధుఁడయ్యెను.

ఇట్టి జ్ఞానమునకు నేఁడు హాని గలుగుచున్నది. దేశమున 2012 లో నించుమించుగా నాలుగులక్షలున్న యొంటెలు 2019 వ సంవత్సరపు పశుగణనమున రెండున్నరలక్షలకుఁ దగ్గెను. ఓరణములను దేవతావనములలో గొడ్డలి పెట్టకుండుట పూర్వపు కట్టుబాటు. అట్టి వనములును, మేఁతబీళ్లును బలుచోట్ల నితరకార్యములకై పోవుచున్నవి. వానిని గుర్తించి యడవులుగాఁ బ్రకటింపవలసినదని 2024 డిసెంబరున సర్వోన్నతన్యాయస్థానము రాజస్థాన ప్రభుత్వమును శాసించినది. మనదేశమున సర్కారుతుమ్మ యనఁబడు విదేశవృక్షము శమికి దాయాదియై యుండియు, మరుభూమిలో స్థానికములగు మొక్కలను నెట్టివేయుచున్నది. చెట్టు పోయినను నిఘంటువునఁ బేరు నిలుచును; కాని కోయు కాలము, చేఁదు తీయు విధము, తిను పద్ధతి నిఘంటువున నిలువవు. అవి చెప్పువానితోడనే పోవును.

కుమ్మరి కుండలను జేసినట్లు వైయాకరణుఁడు శబ్దములను జేయఁడనియు, అవి లోకమునుండియే గ్రహింపఁబడుననియుఁ బతంజలి పస్పశాహ్నికమునఁ దెలిపియున్నాఁడు. శబ్దమునకు లోకము ప్రమాణమైనప్పు డర్థమునకు మాత్ర మేల కాఁగూడదు? పీలుకుణశబ్దమును సాధించుట సూత్రముచే సిద్ధించును. పీలుకుణ మెప్పుడు వచ్చునో చెప్పఁగలవాఁడు జాళ్ చెట్టు నీడను గూర్చున్న పసులకాపరియే. కావున గణపాఠమునకు వ్యాఖ్య వ్రాయువారును, పదకోశములఁ గూర్చువారును శమి, పీలు, కరీరములకు 'ఒక వృక్షవిశేషము' అని వ్రాసి విడువక, ఖేజ్డీ, జాళ్, కేర్ అను వ్యవహారనామములను, పూచి పండు మాసములను, జనుల యుపయోగములను జేర్చి వ్రాయుట యుచితము. అప్పుడు పాఠశాలయందు సూత్రము వల్లించు బాలునకు శబ్దముతోడఁ జెట్టును లభించును.