పరిశోధన నిర్వాహకుల చదువు

పరిశోధన అనగానే చదువరుల మనసున మెదలునవి గాజుగొట్టములు, సూక్ష్మదర్శినులు, తెల్లకోటు తొడిగిన శాస్త్రజ్ఞుడు. ఆ చిత్రములో ఏ మూలనను కనబడని మనిషి యొకడు కలడు. కొటేషన్లు తెప్పించువాడు, బిల్లు వ్రాయువాడు, మార్చి 31వ తేదీలోపల లెక్క తేల్చువాడు అతడే. శాస్త్ర చరిత్రలలో అతని పేరు వెదకినను దొరకదు. అతని పనియు నేర్వవలసిన ఒక విద్యయే అని లోకము గుర్తించి ఎంతో కాలము కాలేదు. ఆ గుర్తింపు మన తెలుగుదేశమున ఏయే మెట్లమీదుగా వచ్చినదో ఇచట కొంత వివరింతును.

మొదట మా ప్రాంతపు సంగతి. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు సీమ నెల్లూరు జిల్లాకు పడమటి మెట్ట. ఇచట చాల ఊళ్లకు త్రాగునీటికి బావియో, బోరో దిక్కు. నేల అడుగున నున్న రాళ్లలోని ఫ్లోరైడు లవణములు కొన్నిచోట్ల ఆ నీటిలో కరగి, చిన్నతనమునుండి త్రాగినవారి పండ్లకు గారపట్టించును. ఏండ్ల తరబడి త్రాగినచో కీళ్లను, వెన్నెముకను బిగింపజేయును. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధిని గూర్చి తొలుత వర్ణించిన శాస్త్రవ్యాసము 1937లో వెలువడెను. షార్ట్ మొదలైన వైద్యులు దానిని వ్రాసిరి. వారు చూచిన రోగులు నాటి నెల్లూరు జిల్లావారే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదనియు, వేరు నీరు దొరకని పక్షమున ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు నేటి భారత ప్రమాణము చెప్పుచున్నది.

కొన్నేండ్ల క్రిందట నేను ఒక కళాశాలలో అధ్యాపకుడనై యుండగా, ఇట్టి బావుల నీటిని రెండు వేసవులు, రెండు వానకాలములు వరుసగా పరీక్షించుటకు చిన్న గ్రాంటు నొకదానిని సంపాదించితిని. వేసవిలో నీటిమట్టము దిగినపుడు ఫ్లోరైడు హెచ్చునా, తగ్గునా అనునది నా ప్రశ్న. ఒక్క సంవత్సరపు లెక్కతో ఇది తేలదు. ఏలయనగా మా వైపు తుఫాను వచ్చిన ఏడు ఒక తీరు, రాని ఏడు మరొక తీరు. మొదటి సంవత్సరము పని సజావుగానే సాగినది. రెండవ వాయిదా సొమ్ము రావలెనన్న మొదటి వాయిదాకు వినియోగ ధ్రువపత్రము పంపవలెను. మా కార్యాలయమువారు దానిని పంపిరి. రెండు నెలలకు అది తిరిగి వచ్చెను. కారణము వినుడు: కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమములను 2017లో తిరుగ వ్రాసినపుడు, పాత 19-ఎ ఫారమునకు బదులు 12-ఎ ఫారము వచ్చినది. మావారు పంపినది పాతది. సరిచేసి పంపునప్పటికి మార్చి దాటిపోయెను. సొమ్ము మురిగిపోయినది. రెండవ వేసవిలో నేను ఒక్క సీసా నీరైనను పట్టలేదు.

నేను పోయి అడుగగా సూపరింటెండెంటుగారు కండ్లద్దములు తీసి బల్లమీద పెట్టి, “ఫారం మారిందని నాకెవరు చెప్పినారు సార్? నేను చేరిన కొత్తల్లో మా పెద్ద గుమాస్తా నేర్పిచ్చిందే ఇన్నేళ్లూ రాస్తా వుండా. మీకు ట్రైనింగులని తిరపతికి, హైదరాబాదుకి పంపిస్తారే, మమ్మల్ని ఎప్పుడన్నా పంపినారా?” అనెను. కోపముతో పోయిన నేను జవాబు లేక తిరిగి వచ్చితిని. ఆయన అడిగిన ప్రశ్నయే నన్ను ఈ చరిత్రలోనికి దింపినది.

పరిశోధనకు ప్రభుత్వ ధనము పెద్ద మొత్తములలో వచ్చుట రెండవ ప్రపంచయుద్ధము తరువాతి మాట. అమెరికాలో 1946లో నౌకాదళ పరిశోధన కార్యాలయము, 1950లో జాతీయ సైన్సు ఫౌండేషను ఏర్పడి విశ్వవిద్యాలయములకు గ్రాంటులు ఈయసాగెను. గ్రాంటుతోపాటు షరతులు, లెక్కలు, నివేదికలు వచ్చెను. ఆచార్యులకు అవి పట్టవు. పాత గుమాస్తాలకు అవి తెలియవు. ఈ రెంటినడుమ ఒక కొత్త వృత్తి పుట్టెను. ఆ పని చేయువారు 1959లో విశ్వవిద్యాలయ పరిశోధన నిర్వాహకుల జాతీయ మండలిని, 1967లో మరొక సంఘమును స్థాపించుకొని, ఒకరికొకరు పాఠములు చెప్పుకొనిరి. 1993లో ఈ వృత్తికి ప్రత్యేకముగ పరీక్ష పెట్టి పట్టమిచ్చు మండలియే ఏర్పడెను. దక్షిణాఫ్రికాలో ఇట్టి సంఘము 2002లో వచ్చినది.

మన దేశమున డబ్బిచ్చు సంస్థలు అంతకు ముందే యున్నవి. వైద్య పరిశోధనకు 1911లో ఇండియన్ రిసెర్చి ఫండ్ అసోసియేషను, వ్యవసాయమునకు 1929లో నేటి ఐ.సి.ఎ.ఆర్., పరిశ్రమలకు 1942లో సి.ఎస్.ఐ.ఆర్. పుట్టెను. అయినను ఈ ధనమును నడపు మనుష్యులకు చదువు చెప్పవలెనన్న తలంపు చాల కాలము ఎవరికిని రాలేదు. పని చేయుచు నేర్తురులే అనుకొనిరి.

అట్లు తమంతట నేర్చినవారిలో గొప్పవారును కలరు. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున చదివి వచ్చి, 1958నుండి 1971వరకు మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనాలయమునకు అధిపతిగా ఉండి, పిమ్మట 1977వరకు సి.ఎస్.ఐ.ఆర్. మొత్తమును నడపిరి. పరిశోధన ఫలితము తోళ్లు ఊనువాని తొట్టివరకు చేరవలెనని పట్టుబట్టినవారు ఆయన. కాని ఊరికొక నాయుడమ్మ పుట్టడు గదా! పుట్టుటను బట్టి గాక నేర్పుటను బట్టి నిర్వాహకులను తయారుచేయుట ఎట్లన్నది ప్రశ్న.

దానికి తొలి జవాబు హైదరాబాదులో వచ్చినది. ఇంగ్లండులో థేమ్సు నది యొడ్డున హెన్లీ అను ఊరిలో 1945లో ఒక అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి స్థాపింపబడెను. ఆ మాదిరిని బట్టి 1956లో మన దేశమున అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడి, హైదరాబాదులో బేరారు యువరాజు నివసించిన బెల్లావిస్టా భవనమున 1957 డిసెంబరులో పాఠములు ప్రారంభించెను. తొలి ప్రిన్సిపాలు జనరల్ శ్రీనాగేశ్. ఆయన అంతకుముందే భారత సైన్యాధిపతిగా విరమించిరి. తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగను వచ్చిరి. అచటి బోధనలో ఉపన్యాసములకన్న గోష్ఠులకు ప్రాధాన్యము. కంపెనీ అధికారి, ప్రభుత్వ కార్యదర్శి, ఇంజనీరు మొదలుగా పదిమంది ఒక బల్లచుట్టు కూర్చుండి, ఒక సమస్యను వంతులవారీగా అధ్యక్షత వహించుచు తేల్చుదురు. దీనిని సిండికేటు పద్ధతి అందురు. రానురాను ప్రభుత్వ శాస్త్రజ్ఞులును ఆ బల్లలచుట్టు చేరిరి. చేరినవారందరు పెద్ద ఉద్యోగులే. సూపరింటెండెంటునకు అచట కుర్చీ లేదు.

రెండవ జవాబు వెనుక ఒక విషాదము కలదు. 1972 మే నెలలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాలయమునకు చెందిన ఒక శాస్త్రజ్ఞుడు ఆత్మహత్య చేసికొనెను. పత్రికలలోను, పార్లమెంటులోను పెద్ద అలజడి రేగినది. ప్రభుత్వము సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము ఒక్క మరణమునే గాక, ఐ.సి.ఎ.ఆర్.లో నియామకములు, పదోన్నతులు జరుగు తీరునంతటిని పరిశీలించి 1973లో నివేదిక ఇచ్చెను. అప్పటి తీరు ఇట్లుండెను: పైమెట్టు ఎక్కవలెనన్న ఎచ్చటనో ఒక ఖాళీ పడవలెను, దానికి మరల దరఖాస్తు పెట్టవలెను. వరిమీద పదేండ్లు పనిచేసినవాడు జీతము కొరకు తన పైరును, తన విద్యను విడిచి మరొక ఉద్యోగమునకు ఎగబడవలసి వచ్చెడిది. పరిశోధన చెడుటకు ఇంతకన్న వేరు మార్గము కావలెనా?

అటుపై మార్పులు వెంటవెంట వచ్చెను. 1973లో వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామక మండలి ఏర్పడెను. స్వామినాథన్‌గారు ఐ.సి.ఎ.ఆర్. అధిపతిగా నుండగా, 1975 అక్టోబరు 1వ తేదీన వ్యవసాయ పరిశోధన సర్వీసు అమలులోనికి వచ్చెను. ఖాళీతో పని లేకుండ, ఐదేండ్లకొకమారు పనిని తూచి పైమెట్టు ఇచ్చుట దాని ముఖ్య లక్షణము. ఇట్టి సర్వీసులో చేరువారికి శిక్షణాలయము కావలెను గదా. 1976 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో వ్యవసాయమునకొక కేంద్ర స్టాఫ్ కాలేజి స్థాపించిరి. రాజేంద్రనగరములో నున్న నేటి జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ అదియే. ‘నార్మ్’ అని అందరు ఎరుగుదురు. కొత్తగా చేరిన శాస్త్రజ్ఞులను అచట కూర్చుండబెట్టి పాఠము చెప్పుటతో సరిపెట్టక, చిన్న గుంపులుగా పల్లెలకు పంపి రైతుల నడుమ కొన్ని వారములు ఉంచుదురు. నా మట్టుకు, ఆ అకాడమీ చేసిన పనులలో ఇది మేలైనది. ప్రయోగశాలల పెద్దలకు ఎంపిక, ఖర్చు, కాలము అను మూటిని గూర్చి వేరు తరగతులు కలవు.

కాలమును గూర్చి ఒక మాట. నిర్వహణశాస్త్రములో 1957-58 ప్రాంతమున అమెరికాలో రెండు పద్ధతులు ఇంచుమించు ఒకేమారు పుట్టినవి. ఒకటి డూపాంటు కంపెనీలో, రెండవది నౌకాదళపు పొలారిస్ క్షిపణి పనిలో. రెంటి సారము ఒక్కటే. ఒక పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఏది ముగిసిన పిమ్మట ఏది మొదలు కావలెనో గీతలతో కలుపవలెను. ఆ గీతలలో అన్నిటికన్న పొడవైన దారి ఏదో అదియే పని ముగియు తేదీని నిర్ణయించును. ఆ దారిలో ఒక దినము పోయిన, మొత్తముమీద ఒక దినము పోవును. తక్కిన దారులలో కొంత ఆలస్యమైనను నష్టము లేదు. నా బావుల పనినే తీసికొనుడు. సీసాలు కడుగుటకు రెండు వారములు, సర్పంచులను అడుగుటకు ఒక వారము, ఫ్లోరైడును కొలుచు ఎలక్ట్రోడు తెప్పించుటకు రెండు నెలలు. లాంతనం ఫ్లోరైడు స్ఫటికము గల ఆ సున్నితమైన పరికరమే ఆలస్యమునకు కారణమగునని నేను భయపడితిని. తీరా చూడగా పొడవైన దారి ధ్రువపత్రముది. గీత గీసి చూచినవాడెవడును లేకపోయెను, నేనును గీయలేదు.

1986 నాటి జాతీయ విద్యావిధానము తరువాత, 1987నుండి యు.జి.సి. విశ్వవిద్యాలయములలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు తెరచెను. మనకు తిరుపతిలోను, హైదరాబాదులోను అవి కలవు. వీనికి పేర్లు మారుచు వచ్చి, 2023నుండి మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రములని పిలుచుచున్నారు. సూపరింటెండెంటుగారు ఎత్తిపొడిచిన ‘ట్రైనింగు’ ఇదియే. ఇది ప్రధానముగా అధ్యాపకుల కొరకు. పదోన్నతికి ఈ తరగతులు పనికివచ్చును గనుక మేము మానక పోవుదుము.

పరిశోధన నిర్వాహకుని అతని పేరుతోనే పిలిచి పాఠము చెప్పు ప్రయత్నము 2018లో వచ్చెను. భారత ప్రభుత్వపు బయోటెక్నాలజీ శాఖ, బ్రిటనులోని వెల్‌కం ట్రస్టు కలిసి నడపు ఇండియా అలయన్సు అను సంస్థ, హైదరాబాదు కేంద్రముగా, భారత పరిశోధన నిర్వహణ కార్యక్రమమును ఆ యేట ప్రారంభించెను. గ్రాంటు ప్రకటనలను వెదకుట, షరతులు చదువుట, బడ్జెటు కూర్చుట, ఒప్పందములు, నీతి నియమములు, నివేదికలు — ఇవన్నియు ఒక వృత్తి క్రిందికి వచ్చునని చెప్పి, ఆ పని చేయువారికి ఫెలోషిప్పులు సహా ఈయసాగెను.

ఈ మెట్లన్నిటిని వరుసగా చూచినచో చదువు పైనుండి క్రిందికి దిగినట్లు తోచును. మొదట అధిపతులు, పిమ్మట శాస్త్రజ్ఞులు, ఆ పిమ్మట అధ్యాపకులు, అరువదేండ్లకు నిర్వాహకులు. అదియు పెద్ద పరిశోధనాలయముల నిర్వాహకుల వరకే ముఖ్యముగా చేరినది. ఇంతలో 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషను చట్టము చేసెను. విశ్వవిద్యాలయములలోను, కళాశాలలలోను పరిశోధన విత్తనము చల్లుట దాని ఉద్దేశములలో నొకటి. ఆ ధనము వచ్చి వ్రాలునది ఏ బల్లమీద? పాఠములు చెప్పు పని, ప్రవేశముల పని, పరీక్షల పని, స్కాలర్‌షిప్పుల పని అన్నియు చూచుకొను ఇద్దరు గుమాస్తాల బల్లమీదనే. పైగా ఇప్పుడు కేంద్ర గ్రాంటుల లెక్కలు కంప్యూటరులోని పి.ఎఫ్.ఎం.ఎస్. పద్ధతిలో నడచును, సొమ్ము ఎచట నిలిచినదో ఢిల్లీవారికి తెలియును, మన గుమాస్తాకు తెలియకపోవచ్చును.

నా అభిప్రాయము చెప్పవలెనన్న, దీనికి భవనములు, అకాడమీలు అక్కరలేదు. జిల్లాలోని కళాశాలల గుమాస్తాలను ఏడాదికి మూడు దినములు ఒకచోట చేర్చి, ఆ సంవత్సరము మారిన ఫారములను, నియమములను తెలుగులో చెప్పి, ఒక గ్రాంటు జమాఖర్చును మొదటినుండి చివరివరకు వారిచేత వ్రాయించినచో చాలును. అధ్యాపకులును వెనుక బెంచీలలో కూర్చుండవలెను. సిండికేటు పద్ధతి ఇచటనే బాగుగ పండునని నాకు తోచుచున్నది. ఫైలు ఎక్కడ ఆగునో ఎరిగినవారు పదిమంది ఒక బల్లచుట్టు చేరుదురు గదా.

ఆ సూపరింటెండెంటుగారు తరువాత ఉద్యోగ విరమణ చేసిరి. సెలవు తీసికొను దినమున నన్ను పిలిచి ఒక పాత లెక్కల పుస్తకమును చేతికిచ్చిరి. ఏ గ్రాంటునకు ఏ ఫారము, ఎవరి సంతకము, ఎన్ని ప్రతులు అని ముప్పదియేండ్ల సంగతులు అందులో వ్రాసికొనియున్నారు. 19-ఎ అని యున్నచోట నెల్ల ఎర్రసిరాతో కొట్టివేసి, 12-ఎ అని దిద్దిరి. దానిని నేను ఆయన స్థానమున వచ్చిన అమ్మాయికి అప్పగించితిని. ఆమె నాలుగు పుటలు త్రిప్పి, “పి.ఎఫ్.ఎం.ఎస్. గురించి ఇందులో ఏం లేదే సార్?” అని అడిగినది.